మర పెట్టి విప్పొద్దంటే ఎలా?

ఒక వస్తువుకి మర బిగించారంటే దానర్థం ఏమిటి? విప్పుకోవచ్చని. విప్పాల్సిన పనే లేకపోతే రివిట్ కొట్టేవాళ్ళు, లేదా జిగురు పెట్టి అంటించేవాళ్ళు. మర పెట్టడం రివిట్ కొట్టడం కన్నా ఖర్చెక్కువ, టైమెక్కువ. అయినా పెట్టారంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు దాన్ని విప్పుతారని డిజైన్ చేసినవాడికి తెలుసన్నమాట. ఫస్టియర్ వర్క్‌షాపులో ఇనప ముక్కని ఆకురాయితో అరగదీసిన ఏ ఇంజినీరింగు కుర్రాడికైనా ఈ మాత్రం తెలుసు.

మడత చాకులు తయారుచేసే కొన్ని కంపెనీలకి మాత్రం తెలియదు (లేదా తెలియనట్టు నటిస్తాయి). పిడి మీద అందంగా కనబడేలా నాలుగైదు స్క్రూలు పెడతారు. డబ్బాలో పెట్టిన కాగితంలో మాత్రం "విప్పితే వారంటీ చెల్లదు" అని ఓ ముక్క. ఆ ముక్క మీదే నా పేచీ అంతా.

"చాకు మీద ఇంత రాద్ధాంతమా?" అని కొందరు అనుకుంటారు. చాకు అనగానే ఫ్యాక్షన్ సినిమా గుర్తొచ్చేవాళ్ళు ఇంకొందరు :) అయ్యా, నేను మాట్లాడేది జేబులో పట్టే చాకు గురించి. పార్శిలు విప్పడానికి, తాడు కోయడానికి, ట్రెక్కింగులో మామిడికాయ ముక్కలు చేసుకోవడానికి వాడేది. నాకున్నది అలాంటిదే. రోజూ వాడతాను.

సంగతేమిటంటే, ఆ చాకు తెరుస్తుంటే ఈమధ్య ఇసక నమిలినట్టు కరకరమనడం మొదలెట్టింది. ఏటి ఒడ్డున వాడాను, మామిడి రసం కారింది, వానలో తడిసింది. వాడే వస్తువు అన్నాక ఇవన్నీ మామూలే. నీళ్ళలో కడిగాను, నూనె చుక్క వేశాను. రెండ్రోజులు బానే ఉండి మళ్ళీ అదే కరకర. కంపెనీకి మెయిలు రాశాను (పేరు ఎందుకులెండి, ఈ విషయంలో అది ఒంటరిది కాదు). "దయచేసి విప్పకండి, విప్పితే వారంటీ వర్తించదు. మాకు పంపండి, మేం ఉచితంగా శుభ్రం చేసి పంపుతాం" అన్నారు. ఎంత మర్యాదో చూడండి! వాళ్ళున్నది అమెరికాలో, నేనున్నది హైదరాబాదులో. చాకు అంటే కొరియర్ వాళ్ళు ముందు వెనక్కి జరుగుతారు. ఒప్పుకున్నా రానూపోనూ ఛార్జీలు, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్ళతో తంటా. అరగంట పనికి రెండు నెలల ప్రయాణం.

మా టీమ్‌లో ఒకాయన వెంటనే తేల్చేశాడు: "ఎందుకు గురూ అంత గొడవ, కొత్తది కొనేసుకో." మన ఐటీ వాళ్ళందరి నోటా వచ్చే మాటే ఇది. దీనికి జవాబు చివర్లో చెప్తాను. ముందు ఆ చాకు లోపల ఏముందో చూద్దాం, ఎందుకంటే లోపలేముందో తెలియనంతసేపే ఈ "విప్పొద్దు" అన్నమాటకి విలువ.

మామూలు లైనర్ లాక్ చాకు తీసుకోండి. పైన రెండు పిడి పలకలు, వాటి కింద రెండు ఉక్కు రేకులు (వీటినే లైనర్లంటారు), మధ్యలో బ్లేడు. బ్లేడు తిరిగేది ఒక ఇరుసు మీద. బ్లేడుకి అటూ ఇటూ రెండు పల్చటి వాషర్లు, ఎక్కువగా ఫాస్ఫర్ కంచువి (ఈమధ్య బాల్ బేరింగులు కూడా పెడుతున్నారు). బ్లేడు ఎంతవరకు తెరుచుకోవాలో ఆపే ఒక చిన్న పిన్ను. వెనకాల ఒక స్పేసరు, జేబుకి తగిలించుకునే క్లిప్పు, స్క్రూలు. అంతే! అన్నీ కలిపి ఇరవై చిల్లర ముక్కలు. మనం రోజూ లాగే డిపెండెన్సీల లెక్కతో చూస్తే ఇదొక లెక్కా?

వీటిలో ప్రాణం నిలబెట్టేది లాక్. లైనర్లలో ఒకదాన్ని కొంత మేర కోసి లోపలికి వంచి ఉంచుతారు. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ పట్టీ స్ప్రింగులా పక్కకి వచ్చి బ్లేడు మడమ వెనక నిలబడుతుంది. ఇక బ్లేడు వెనక్కి మడవదు. చాకు మూసి ఉన్నప్పుడు దానంతటది తెరుచుకోకుండా ఆపేది కూడా ఈ పట్టీ మీదున్న ఆవగింజంత గుండే. ఇప్పుడు ఆ పట్టీకి, బ్లేడు మడమకి మధ్యలో జిడ్డో, తుప్పో, ఎండిన మామిడి రసమో చేరిందనుకోండి. పట్టీ పూర్తిగా కూర్చోదు. పైకి "టక్" మన్నట్టే ఉంటుంది, గట్టిగా నొక్కితే జారుతుంది. జారితే బ్లేడు మడిచేది ఎక్కడికి? మీ వేళ్ళ మీదికి.

కాబట్టి చాకు శుభ్రత అనేది తళతళలాడించుకునే సోకు కాదు. వేళ్ళకి సంబంధించిన సంగతి. కొన్నవాడు లోపల చూసుకోకుండా ఆపే షరతు, అతని భద్రత పేరు చెప్పి పెట్టినా సరే, అతని భద్రతకే ఎసరు పెడుతుంది.

"విప్పకుండా కడిగితే చాలదా?" చాలాసార్లు చాలుతుంది. గోరువెచ్చటి నీళ్ళు, చుక్క గిన్నెల సబ్బు, తెరుస్తూ మూస్తూ కడగడం, బాగా ఆరబెట్టి ఇరుసు దగ్గర ఒక చుక్క నూనె. పదింట తొమ్మిదిసార్లు ఇంతకు మించి అక్కర్లేదు. ప్రతి ఆదివారం విప్పి బిగిస్తూ కూర్చోమని నేనూ చెప్పను. కానీ వాషరు కింద ఇసక రేణువు ఇరుక్కుంటే నీళ్ళకి రాదు. దాని మీద నూనె పోస్తే ఆ రెండూ కలిసి సాన పట్టే ముద్దలా తయారై వాషర్నే అరగదీస్తాయి. పిడి పలకకీ రేకుకీ మధ్య పట్టిన తుప్పు బయటికి కనబడను కూడా కనబడదు. అక్కడ విప్పడం తప్ప దారి లేదు.

నా చాకు విప్పాను, అరగంటలో అయిపోయింది. ఇదేదో బ్రహ్మవిద్య అని భయపెట్టేవాళ్ళ కోసం ఎలాగో రాస్తున్నాను.

ముందు బ్లేడు పదును మీద కాగితం టేపు రెండు పొరలు చుట్టాలి. ఇది చేయకుండా స్క్రూడ్రైవరు ముట్టుకోవద్దు. అంచున్న స్టీలు కంచంలో పాత బట్ట పరిచి దాని మీద పని చేస్తే స్క్రూలు దొర్లిపోవు. చాలా చాకుల స్క్రూలు నక్షత్రం మూతివి. టార్క్స్ అంటారు, 1967లో అమెరికాలో క్యామ్‌కార్ టెక్స్‌ట్రాన్ కంపెనీ కనిపెట్టింది. టీ6, టీ8 సైజులుంటే ఎక్కువ చాకులకి సరిపోతాయి. రహస్య పనిముట్టేం కాదు, మొబైలు రిపేరు చేసే కుర్రాడి దగ్గర ఉండేదే. కాకపోతే మంచిది కొనండి. చవకరకం మూతి అరిగి స్క్రూ తలని కూడా పాడుచేస్తుంది. స్క్రూడ్రైవరు నిలువుగా పెట్టి, కిందికి నొక్కి, అప్పుడు తిప్పాలి.

తిరగకపోతే? బలవంతం వద్దు. స్క్రూలు వదులవకుండా ఫ్యాక్టరీలో మరలకి జిగురు రాస్తారు. లాక్‌టైట్ 243 లాంటి నీలం రకమైతే చేత్తో వస్తుంది. 271 లాంటి ఎరుపు రకం వేడి పెడితే గానీ వదలదు. సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద కాసేపు ఆనించి తిప్పి చూడండి. పక్కన ప్లాస్టిక్ ఉంటే జాగ్రత్త.

క్లిప్పు ముందు, తర్వాత పిడి స్క్రూలు, ఆఖర్న ఇరుసు. ప్రతి మెట్టు దగ్గరా ఫోన్‌తో ఒక ఫోటో. ఏ వాషరు ఏ వైపుదో, ఏ స్క్రూ ఏ కన్నంలోదో విడివిడిగా పెట్టుకోవాలి. మీరు రోజూ చేసే కమిట్ లాంటిదే ఇది, వెనక్కి వెళ్ళడానికి దారి వేసుకుంటూ పోవడం. ముక్కల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. లాక్ పట్టీ బ్లేడుకి ఆనే చోటు అరగదీయొద్దు, కాగితంతో రుద్దొద్దు. జిడ్డు తుడిచి పొడిగా వదిలేయండి. అక్కడ రాపిడే కావాలి, నునుపు కాదు.

నూనె సంగతి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేసే మహానుభావులున్నారు. అది సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది. మన ఏసీ ఆఫీసులో చాకు తెరుచుకోదు :) డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికి, తడి తోలడానికి మంచిదే (1953లో దాన్ని పుట్టించింది నీటిని తోలడానికే), ఎక్కువకాలం నిలిచే నూనె మాత్రం కాదు. అమ్మ కుట్టు మిషన్ నూనె బంగారం లాంటిది. పళ్ళు కోసే చాకైతే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్. ఏదైనా వాషరుకి ఒక్క చుక్క. ఎక్కువైతే దుమ్ము పడుతుంది.

బిగించేటప్పుడు ముందు అన్ని స్క్రూలూ సగం సగం. బ్లేడు మధ్యలో ఉందో లేదో చూసుకుని, అప్పుడు ఒక్కోటి కొంచెం కొంచెంగా. ఇరుసు మరీ బిగిస్తే బ్లేడు కదలదు, వదులైతే లొడలొడలాడుతుంది. అటూ ఇటూ ఊపితే కదలకూడదు, తెరిస్తే సాఫీగా రావాలి. ఆ రెంటికీ మధ్య చోటు దొరికాక ఇరుసు మరకి నీలం జిగురు సూదిమొనంత. ఇక ఆఖరిది, అసలైనది: పరీక్ష. టేపు తీయకుండానే బ్లేడు తెరిచి, వేళ్ళు మడత దారిలో లేకుండా పట్టుకుని, బ్లేడు వీపుని బల్లకి ఆనించి మెల్లగా నొక్కండి. లాక్ కదలకూడదు. మూసి, తలకిందులుగా పట్టుకుని ఊపండి. బ్లేడు బయటికి రాకూడదు. ఈ రెంటిలో ఏది ఫెయిలైనా ఆ చాకు జేబులోకి వెళ్ళకూడదు. మళ్ళీ విప్పి చూడాలి, అప్పటికీ కుదరకపోతే కంపెనీకి పంపాలి.

ఒక్క మినహాయింపు. బటన్ నొక్కితే తెరుచుకునేవి, సగం తోస్తే మిగతా సగం స్ప్రింగుతో దూసుకొచ్చేవి ఉంటాయి. ఆ స్ప్రింగు బిగుతులో ఉంటుంది, తెలియకుండా విప్పితే ఎగిరొస్తుంది. వాటి జోలికి పోవద్దు. ఏది విప్పొచ్చో ఏది విప్పకూడదో ఇలా కారణం చెప్పి రాస్తే నాకు అభ్యంతరం లేదు. అన్నిటికీ కలిపి ఒకే ముక్కలో "విప్పొద్దు" అనడమే అన్యాయం.

ఇహ కంపెనీల వాదనకి వద్దాం. "జనం తప్పుగా బిగిస్తారు, వేలు తెగుతుంది, మా మీద కేసు వేస్తారు." వినడానికి సబబుగానే ఉంది. కానీ ఈ వాదన నిజమైతే క్రిస్ రీవ్ ఈపాటికి దివాలా తీసి ఉండాలి.

క్రిస్ రీవ్ దక్షిణాఫ్రికాలో చాకులు చేయడం మొదలెట్టి 1989లో అమెరికా వెళ్ళి ఐడహో రాష్ట్రంలోని బాయిసీలో స్థిరపడినాయన. ఆయన పేరు నిలబెట్టిన చాకు సెబెంజా. జులు భాషలో ఆ మాటకి "పని" అని అర్థం. 1987 నాటి డిజైను, చిన్న చిన్న మార్పులతో ఇప్పటికీ వస్తోంది. ఆ చాకు కొంటే డబ్బాలోనే దాన్ని విప్పే అలెన్ కీ కూడా ఇస్తారు. విప్పుకో, శుభ్రం చేసుకో, బిగించుకో అని కంపెనీయే చెబుతుంది.

అంత ధైర్యం ఎక్కడ్నుంచి వచ్చింది? ఇంజినీరింగు నుంచి. దాని ఇరుసు చుట్టూ బుషింగ్ అని ఒక గొట్టం ఉంటుంది. దాని పొడవుని బ్లేడు, వాషర్ల మందానికి సరిపడా అతి కచ్చితంగా కోస్తారు. మీరు స్క్రూని ఆగేదాకా బిగించేస్తే రేకులు ఆ గొట్టానికి ఆని ఆగిపోతాయి, బ్లేడు నలగదు. "కొంచెం వదులా, కొంచెం బిగుతా" అని వెతుక్కునే గొడవే లేదు. ఎవరు బిగించినా, ఎన్నిసార్లు బిగించినా ఫలితం ఒకటే. మన భాషలో చెప్పాలంటే ఐడెంపొటెంట్! వాడేవాడు తప్పు చేస్తాడేమోనని తలుపుకి తాళం వేయడం ఒక పద్ధతి. తప్పు చేయడానికి చోటే లేకుండా డిజైన్ చేయడం ఇంకో పద్ధతి. రెండోదాన్నే ఇంజినీరింగు అంటారు.

"అది నాలుగొందల డాలర్ల పైమాట, అందరూ అలా చేయగలరా?" అంటారు. నిజమే, ఖరీదెక్కువే. అయితే సీఆర్‌కేటీ అనే కంపెనీ కెన్ ఆనియన్ డిజైన్ చేసిన 'ఫీల్డ్ స్ట్రిప్' అనే పద్ధతి పెట్టింది. పనిముట్టే లేకుండా చేత్తో విప్పి కడుక్కునే చాకు, సెబెంజాలో కొద్ది వంతు ధరకే. అదీ కుదరదా? ముక్కల్ని విడదీసి చూపించే బొమ్మొకటి, బిగించే వరుస రాసిన కాగితమొకటి పెట్టడానికి ఎంతవుతుంది? బొమ్మ వాళ్ళ దగ్గర ఉండనే ఉంటుంది, లేకపోతే ఫ్యాక్టరీలో ఎలా బిగిస్తున్నారు?

అసలు మర లేకుండానే చేయొచ్చుగా అన్నా నాకు సమ్మతమే. ఫ్రాన్సు సావోయి ప్రాంతంలో 1890లో పుట్టిన ఒపినెల్ చూడండి. చెక్క పిడి, బ్లేడు, ఒక రివిట్టు, ఒక బిళ్ళ, 1955లో చేర్చిన తిప్పుడు రింగు లాక్. తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది, ఆరితే మళ్ళీ మామూలే. విప్పడానికి ఏమీ లేదు, దాచడానికీ ఏమీ లేదు. స్విస్ విక్టోరినాక్స్ కూడా రివిట్ల మీదే నడుస్తుంది, గోరువెచ్చటి నీళ్ళు, చుక్క నూనె చాలు. ఇవి నిజాయితీ గల వస్తువులు. విప్పక్కర్లేకుండా చెయ్యి, లేదా విప్పి బిగించుకునేలా చెయ్యి. బయట మర పెట్టి, లోపల కాగితంలో వద్దనడం మాత్రం దొంగాట.

ఇక వారంటీ. అమెరికాలోనే 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. వారంటీ నిలబడాలంటే మా పేరున్న భాగాలే వాడాలి, మా దగ్గరే సర్వీసు చేయించాలి అనే షరతు, అవి ఉచితంగా ఇస్తే తప్ప, మామూలుగా చెల్లదు. 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కార్లు, ఫోన్లు, వీడియో గేములు అమ్మే ఆరు కంపెనీలకి ఇలాంటి షరతుల మీద హెచ్చరిక ఉత్తరాలు పంపింది. "సీలు తీస్తే వారంటీ లేదు" అనే స్టిక్కర్లు కూడా అందులోకే వచ్చాయి. మన దేశంలో 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ కూడా తెరిచింది. వాళ్ళు ఎంచుకున్న రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు-ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు. చాకు అందులో లేదు. కానీ సూత్రం ఒకటే: డబ్బు పెట్టి కొన్న వస్తువు కొన్నవాడిది. విప్పినందువల్లే పాడైందని కంపెనీ చూపిస్తే ఆ నష్టం విప్పినవాడు భరించాలి, ఒప్పుకుంటాను. విప్పాడు కాబట్టి ఇక బ్లేడు ఉక్కులో లోపమున్నా మాకు సంబంధం లేదంటే మాత్రం ఒప్పుకోను. "మా సర్వీసు ఉచితమే కదా" అంటే, ఉచితం ఆ ఊళ్ళో ఉన్నవాడికి. హైదరాబాదులో ఉన్నవాడికి కాదు.

ఇప్పుడు మా టీమ్ ఆయన మాట: కొత్తది కొనేసుకో. ఆయన మీద కోపం లేదు, జాలి. మనం ఇంజినీర్లం. ప్రొడక్షన్‌లో సర్వర్ మొరాయిస్తే లాగ్ చూస్తాం, డంప్ తీస్తాం, మూలం ఎక్కడుందో పట్టుకునేదాకా నిద్రపోం. "ఈ సాఫ్ట్‌వేర్ లోపల చూస్తే సపోర్టు ఇవ్వం" అనే వెండార్‌ని మీటింగులో ఉతికి ఆరేస్తాం. సాయంత్రం ఇంటికెళ్ళగానే అదే మనిషి ఇరవై ముక్కల వస్తువు ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు, కాగితంలో వద్దని రాశారు కాబట్టి! మన తాతల ఇళ్ళల్లో కొడవలి పిడి ఊడితే కమ్మరి దగ్గర కూర్చుని కళ్ళ ముందే వేయించుకునేవాళ్ళు. పారకి కామ విరిగితే వాళ్ళే చెక్కుకునేవాళ్ళు. వాళ్ళకి డిగ్రీలు లేవు. వస్తువు తమదన్న ధీమా ఉండేది. మనకి డిగ్రీ ఉంది, ఆ ధీమా పోయింది.

కొత్తది కొంటే ఏమవుతుంది? దానికీ అవే స్క్రూలు, అదే కాగితం, రెండేళ్ళకి అదే ఇసక. కొత్తది కొనడం పరిష్కారం కాదు, రీస్టార్ట్ కొట్టడం లాంటిది.

అందుకని ఈసారి ఎవరైనా మడత చాకు కొనేటప్పుడు ధర, ఉక్కు పేరు చూశాక ఇంకో నాలుగు సంగతులు కూడా చూడండి. విప్పడం గురించి వారంటీ కాగితం ఏమంటోంది? స్క్రూలు మామూలుగా దొరికే సైజువేనా? ముక్కల బొమ్మ ఇస్తున్నారా? ఒక స్క్రూ పోతే విడిగా అమ్ముతారా? జవాబు నచ్చకపోతే కొనకండి, ఎందుకు కొనలేదో వాళ్ళకి ఒక మెయిలు రాయండి. నేను రాశాను. నా చాకు ఇప్పుడు కరకరమనడం లేదని, లాక్ పరీక్ష రెండుసార్లూ పాసైందని, వారంటీ వాళ్ళ దగ్గరే ఉంచుకోమని.